లిబ్‌కర్ల్ రైట్ కాల్‌బ్యాక్: ఎర్రర్ 23 ఎందుకొస్తుంది?
రుషికొండ ఐటీ హిల్ నుంచి ప్రశ్న: లిబ్‌కర్ల్ (నెట్ నుంచి డేటా తెచ్చే సీ లైబ్రరీ)తో ఫైలు దించుతుంటే మొదటి ముక్కకే ఎర్రర్ 23 వచ్చి ఆగిపోతోంది, రైట్ కాల్‌బ్యాక్ (వచ్చిన ప్రతి ముక్కనీ రాయడానికి లైబ్రరీ పిలిచే మన ఫంక్షన్) చివర రిటర్న్ 0 ఉంది, తప్పు సర్వర్‌దా?

సర్వర్‌ది కాదు, ఆ సున్నాదే. సీ భాషలో సున్నా అంటే క్షేమమని అలవాటు. ఇక్కడ లెక్క వేరు. లైబ్రరీ 1,400 బైట్లు చేతికిస్తే 1,400 అనే తిరిగి చెప్పాలి. ఒక్క బైటు తేడా వచ్చినా రాయడం కుదరలేదనుకుని 23 ఇస్తుంది.

తిరకాసేమిటంటే, ప్రోగ్రెస్ కాల్‌బ్యాక్‌లో (ఎంత దిగిందో చెప్పడానికి లైబ్రరీ పిలిచే ఫంక్షన్) ఇది తిరగబడుతుంది: సున్నా ఇస్తే సాగుతుంది, 1 ఇస్తే ఎర్రర్ 42తో ఆగుతుంది.

ఇంకోటి. డిస్క్ నిండినా వచ్చేది ఆ 23నే, కారణం చెప్పదు. ఎఫ్‌రైట్ (ఫైల్లోకి రాసే సీ ఫంక్షన్) తక్కువ రాసిన వెంటనే ఎర్ర్‌నో (చివరి తప్పుకి కారణం చెప్పే సంఖ్య) విలువని, కాల్‌బ్యాక్‌కి మీరు అందించే యూజర్‌డేటా స్ట్రక్ట్‌లో దాచుకోండి. దించే పని నడిపే పర్‌ఫార్మ్ ఫంక్షన్ తిరిగొచ్చేసరికి ఆ ఎర్ర్‌నో మారిపోయి ఉండొచ్చు.