ఉబుంటులో లాగిన్ స్క్రీన్ రావట్లేదు, ఫార్మాట్ చెయ్యాల్సిందే అంటున్నారు. వేరే దారి ఉందా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉబుంటు 22.04, శుక్రవారం అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొడితే లోగో వస్తోంది, ఆ తర్వాత తెరంతా నలుపు, ఎడమ పై మూలన గీత ఒకటి మిణుకుమిణుకుమంటోంది, లాగిన్ మాత్రం అడగట్లేదు. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుంది. ఫైనలియర్ ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది, సోమవారం చూపించాలి. అమీర్‌పేటలో ఒక షాపులో అడిగితే ఫార్మాట్ తప్ప దారి లేదన్నారు. ఇదే కదా?

దారి ఉంది. ఫార్మాట్‌కి మాత్రం ఇవ్వకు. నీ ఫైళ్లు దాదాపు ఖాయంగా ఉన్నచోటే ఉన్నాయి.

ఎందుకంత నమ్మకంగా చెబుతున్నానంటే, లాగిన్ స్క్రీన్ అనేది కూడా ఒక ప్రోగ్రామే. ఉబుంటులో దాని పేరు జీడీఎం. 2017 అక్టోబరులో వచ్చిన 17.10 నుంచి ఇదే వస్తోంది, అంతకుముందు లైట్‌డీఎం ఉండేది. బూటింగ్‌లో ఇది దాదాపు ఆఖరున లేస్తుంది. దాని వంతు వచ్చేసరికి కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) లేచి ఉంటుంది, డిస్క్ మౌంట్ అయి ఉంటుంది, చాలాసార్లు వైఫై కూడా కలిసి ఉంటుంది. ఇల్లంతా బాగానే ఉంది, వీధి తలుపు ఒక్కటే బిగుసుకుపోయింది. దానికి ఇల్లు కూలగొట్టుకుంటామా?

మా చెల్లి లాప్‌టాప్ సంగతి చెబుతాను, నీకు పనికొస్తుంది. 2022 ఎండాకాలం. తను ఉస్మానియాలో ఒగ్గుకథ మీద పీహెచ్‌డీ చేస్తోంది. కొమురవెల్లి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, కథ చెప్పే పెద్దవాళ్లతో మాట్లాడి రికార్డు చేసుకొచ్చింది, 20 జీబీ దాకా ఉంటాయి. వాళ్లలో ఒకాయన ఆ ఉగాదికి ముందే కాలం చేశారు. ఒక రాత్రి విద్యానగర్‌లో మా ఇంట్లో లాప్‌టాప్ ఆన్ చేస్తే నువ్వు చెప్పినట్టే నల్ల తెర, మూలన గీత. అంతకుముందు సాయంత్రం ఇంటి దగ్గరి షాపులో చూపిస్తే వాళ్లూ ఫార్మాటే అన్నారట. లాప్‌టాప్ నా ముందు పెట్టి ‘అన్నా, పోయినయా అన్నీ?’ అని అడిగింది. అప్పటికి నాకూ తెలియదు, కానీ ఏమీ ముట్టుకోకుండా ముందు చూద్దాం అన్నాను.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కాను. కొన్ని లాప్‌టాపుల్లో వీటితోపాటు ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. రెండు సెకన్లలో నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో ‘లాగిన్:’ అని వచ్చింది. అది చూడగానే సగం బరువు దిగింది, ఎందుకంటే సిస్టమ్ బతికే ఉందని దాని అర్థం. యూజర్ పేరు కొట్టాక పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ కనిపించదు, చుక్కలు కూడా పడవు. కీబోర్డు పని చెయ్యట్లేదని చాలామంది అక్కడే ఆగిపోతారు. నువ్వు ఆగకు, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కు.

లోపలికి వెళ్లి ఆమె ఫోల్డర్ తెరిచి చూస్తే ఫైళ్ల పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి. చెల్లి గుండె ఆగినంత పనైంది. కానీ అది పాడైపోవడం కాదు. పేర్లు తెలుగులో పెట్టుకుంది, ఆ టెక్స్ట్ తెరకి తెలుగు అక్షరాలు చూపించడం రాదు, అంతే. నీ ప్రాజెక్టులో కూడా తెలుగు పేర్లుంటే కంగారు పడొద్దు.

ఇక్కడి నుంచి నేను రాసే కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. నువ్వు కొట్టేటప్పుడు ఇంగ్లిష్‌లో, ఒక్కచోట తప్ప అన్నీ చిన్నబడిలో కొట్టాలి. ‘సుడో’తో (అంటే అడ్మిన్ హక్కులతో నడపమని) మొదలయ్యేవి పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతాయి.

నేను కొట్టిన మొదటి కమాండ్ ‘డీఎఫ్ -హెచ్’. డిస్క్‌లో చోటెంత ఉందో చెబుతుంది. విండోస్ పక్కనే ఉబుంటుకి 60 జీబీ ఇచ్చి పెట్టుకుంది చెల్లి. ఆఖర్న ఉత్త ‘/’ ఉన్న వరుసలో మిగిలింది 0, వాడింది 100 శాతం. దొరికింది అనుకున్నాను. డిస్క్ నిండిపోతే జీడీఎం లేవలేదు. లాగిన్ తెర గీయడానికి అది కూడా ‘జీడీఎం’ అనే సొంత యూజర్ పేరుతో కొన్ని చిన్న ఫైళ్లు రాసుకోవాలి, రాసుకునే చోటు లేక పడిపోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడిపోతుంది. ఈఎక్స్‌టీ4లో (ఉబుంటు డిస్క్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి) మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం, అంటే అడ్మిన్ యూజర్ కోసం, విడిగా దాచి ఉంటుంది. ఇలాంటప్పుడు సుడోతో చేసే పనులకు అదే ఆసరా.

అయినా అప్పుడే ఏదీ తుడవలేదు. ముందు కాపీ. ఉబుంటు పెన్‌డ్రైవ్ ఒకటి ఇంట్లో ఉండటంతో దాంతో బూట్ చేసి, ‘ట్రై ఉబుంటు’ ఎంచుకుని, చెల్లి డిస్క్ తెరిచి, రికార్డింగులన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాం. అవి ఎక్కాక ఒక ఫైలు ప్లే చేసి చూశాం. ఆ పెద్దాయన గొంతు, వెనకాల డోలు చప్పుడు. చెల్లి ఏమీ మాట్లాడలేదు, హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టి కళ్లు తుడుచుకుంది. నువ్వు కూడా తతిమ్మా పనులన్నిటికంటే ముందు ఇది చెయ్యి. పెన్‌డ్రైవ్ లేకపోతే హాస్టల్లో ఎవరి కంప్యూటర్లోనైనా చేసుకోవచ్చు, 8 జీబీది చాలు. ఇన్‌స్టాల్ అనే బటన్ మాత్రం నొక్కకు.

తర్వాత చోటు తిన్నది ఎవరో పట్టుకోవాలి. మళ్లీ లాప్‌టాప్ నల్ల తెరలోకి వచ్చి ‘సుడో డీయూ -ఎస్‌హెచ్ /వార్/లాగ్/*’ కొట్టాను. సిస్‌లాగ్ 11 జీబీ, కెర్న్.లాగ్ ఇంకో 11 జీబీ! ‘టెయిల్ /వార్/లాగ్/సిస్‌లాగ్’ అని చివరి వరుసలు చూస్తే అన్నీ ఒకటే మాట: ‘పీసీఐఈ బస్ ఎర్రర్, సివియారిటీ=కరెక్టెడ్’. వైఫై కార్డుకీ బోర్డుకీ మధ్య చిన్న చిన్న పొరపాట్లు జరుగుతున్నాయి, హార్డ్‌వేర్ వాటిని అక్కడికక్కడే సరిచేసుకుంటోంది. అందుకే వైఫై బాగానే నడిచేది, చెల్లికి ఎప్పుడూ తేడా తెలియలేదు. కానీ ప్రతి పొరపాటునీ కెర్నెల్ లాగ్‌లోకి ఎక్కిస్తోంది. పాత లాగులు పక్కకి తీసేసే ఏర్పాటు ఉంటుంది గానీ అది రోజుల లెక్కన నడుస్తుంది. ఈలోపే డిస్క్ నిండింది.

ఇక్కడ నేనో తప్పు చేశాను, నువ్వు చెయ్యకూడదని చెబుతున్నా. సిస్‌లాగ్‌ని ‘ఆర్ఎం’తో తీసేశాను. ఫైలు పోయింది, డీఎఫ్ మాత్రం ఇంకా 100 శాతమే చూపిస్తోంది. కారణం, ఆర్‌సిస్‌లాగ్ అనే సర్వీసు ఆ ఫైలుని ఇంకా తెరిచే పట్టుకుని ఉంది. అది వదిలేదాకా చోటు తిరిగి రాదు. ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఆర్‌సిస్‌లాగ్’ కొట్టాకే ఖాళీ అయింది. రెండో ఫైలుని సరైన పద్ధతిలో ఖాళీ చేశాను: ‘సుడో ట్రంకేట్ -ఎస్ 0 /వార్/లాగ్/కెర్న్.లాగ్’. ఫైలు అక్కడే ఉంటుంది, లోపలిది మాత్రం సున్నా అవుతుంది. నీ డిస్క్ నిండినట్టయితే ముందు ‘సుడో ఏపీటీ క్లీన్’, ‘సుడో జర్నల్‌సీటీఎల్ --వ్యాక్యూమ్-సైజ్=200ఎం’ కొట్టు (చివరి ఎం ఒక్కటి మాత్రం పెద్దబడిలో), ఈ రెండిటి వల్లా నష్టం లేదు.

ఆ తర్వాత ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ జీడీఎం3’ కొడితే, చెల్లి పేరుతో లాగిన్ స్క్రీన్ వచ్చేసింది. మూలకారణం అలాగే వదిలేస్తే వారంలో మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి, గ్రబ్ (ఆన్ చెయ్యగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) సెట్టింగులుండే /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్లో ‘క్వైట్ స్ప్లాష్’ పక్కన ‘పీసీఐ=నోఏఈఆర్’ చేర్చి ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ నడిపి రీస్టార్ట్ చేశాను. ఆ రిపోర్టులు రాయడం అప్పటితో ఆగిపోయింది.

ఇప్పుడు నీ సంగతి. అప్‌డేట్ తర్వాతే మొదలైంది, పైగా ఎన్విడియా ఉంది అంటున్నావు కాబట్టి డీఎఫ్‌లో చోటు బాగానే కనిపిస్తే నా అనుమానం ఆ కార్డుని నడిపే డ్రైవర్ మీద. కొత్త కెర్నెల్ దిగింది, దానికి సరిపడా డ్రైవర్ మాడ్యూల్ తయారు కాలేదు. తేల్చుకోవడం సులువు. ఆన్ చేస్తూనే ఎస్కేప్ నొక్కు, పాత బయోస్ అయితే షిఫ్ట్ పట్టుకో. గ్రబ్ మెనూ వస్తుంది. ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి ‘రికవరీ మోడ్’ అని లేని వరుసల్లో రెండోది, అంటే పాత కెర్నెల్, ఎంచుకో. లాగిన్ వచ్చిందంటే దోషం కొత్త కెర్నెల్‌కీ డ్రైవర్‌కీ మధ్యనే. సోమవారం గడిచేదాకా ఆ పాత కెర్నెల్‌తోనే పని కానిచ్చెయ్, తప్పేం లేదు.

పాతది కూడా రాకపోతే గ్రబ్‌లో ఉబుంటు వరుస మీద ఇంగ్లిష్ ‘ఈ’ (ఈమెయిల్‌లో మొదటి అక్షరం) నొక్కి, ‘లినక్స్’తో మొదలయ్యే వరుస చివర స్పేస్ ఇచ్చి ‘నోమోడ్‌సెట్’ అని చేర్చి ఎఫ్10 నొక్కు. ఇది ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది, ఏదీ శాశ్వతంగా మారదు. లోపలికి వెళ్లాక నెట్ కలిపి ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’ నడుపు. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని డ్రైవర్లను ఆపే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది, అందులో ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. తొందరలో ‘కంటిన్యూ’ నొక్కేస్తే డ్రైవర్ లోడ్ అవ్వదు, మళ్లీ నల్ల తెరే. శుక్రవారం నీకు అలాంటి నీలం తెర కనిపించిందా? గుర్తు తెచ్చుకో, అదే కారణం కావచ్చు.

ఇంకో రకం కూడా ఉంది. లాగిన్ వస్తుంది, పాస్‌వర్డ్ కొడితే మళ్లీ లాగిన్‌కే తిప్పి పంపిస్తుంది. అది నీ సమస్య కాదు గానీ చదివేవాళ్ల కోసం: డిస్క్ నిండకపోతే, లైట్‌డీఎం ఉన్న సిస్టమ్‌లో అయితే హోమ్ ఫోల్డర్‌లో ‘.ఎక్స్‌అథారిటీ’ ఫైలు రూట్ పేరు మీదకి మారిందేమో ‘ఎల్ఎస్ -ఎల్ఏ’తో చూడండి. మారితే దాని పేరు మార్చి పక్కన పెడితే కొత్తది అదే తయారవుతుంది.

ఇవన్నీ చేసినా రాకపోతే నల్ల తెరలోంచి ‘డీఎఫ్ -హెచ్’, ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ జీడీఎం3’, ‘సుడో జర్నల్‌సీటీఎల్ -బి -యు జీడీఎం’ ఈ మూడిటి ఫలితం ఫోన్‌తో ఫోటో తీసి ఇక్కడ పెట్టు. వెలుతురు తెర మీద పడకుండా, అక్షరాలు చదవగలిగేలా తియ్యి. ఈ రాత్రి పది తర్వాత, రేపు ఆదివారం పొద్దున్నంతా చూస్తూనే ఉంటాను. కాపీ అయిందో లేదో మాత్రం ముందు చెప్పు.