అల్లుడికి, లోడు సైకిల్ గురించి

ఒరేయ్ అల్లుడూ,

కొట్టు నించి ఇళ్ళకి సరుకు వేయడానికి పాత నల్ల సైకిల్ బేరం చేశావని మీ అమ్మ చెప్పింది. మంచి పనే, భీమవరంలో కాలవ వంతెనలు తప్పితే ఎత్తన్నదే లేదు, రెండు మూడు కిలోమీటర్ల సరుక్కి ఆటో పిలిస్తే నీకు మిగిలేది ఏముంటది. కానీ నువ్వు అడిగిన మొదటి మాటే "మామయ్యా ఎన్ని కేజీలు లాగుద్ది" అని. లాగడం గురించి నీకు బెంగక్కర్లేదు, అది ఇనప ఫ్రేము, నీ కాళ్ళు లాగినంత అదీ లాగుద్ది. బరువుతో ఆగుద్దా, బరువుతో స్టాండు మీద నిలబడుద్దా, ఆ రెండూ చూస్కో ముందు. లోడు సైకిల్ తొక్కేటప్పుడు పడడం కన్నా, ఎవరి గుమ్మం ముందో ఆపి సరుకు దింపేటప్పుడు పడడమే ఎక్కువ, నా షాపుకి వంకర హ్యాండిల్‌తో వచ్చేవాళ్ళని అడుగు కావాలంటే.

డబ్బులిచ్చే ముందు సైకిల్‌ని తిరగేసి చూడు. పెడల్స్ ఉండే గుండ్రటి పెట్టె దగ్గరా, సీటు కింద పైపులు కలిసే చోటా పెయింటు సన్నగా గీతలా చీలి అందులోంచి తుప్పు కారినట్టుంటే వదిలెయ్, వెల్డింగ్ చేయిస్తానులే అనుకోకు. డబుల్ బార్ ఫ్రేము, ముందు ఫోర్కుకి ఇరుసు నించి పైకి సపోర్టు రాడ్లు ఉన్నదైతే కొంచెం ఎక్కువిచ్చినా పర్లేదు. వెనక చక్రానికి 40 పుల్లలు, ముందు 32 ఉంటాయి, వేళ్ళతో ఒక్కోటీ మీటి చూడు, వదులున్నది చప్పుడులోనే తెలిసిపోద్ది. విరిగేవి ఎప్పుడూ వెనక చక్రానికి, అదీ ఫ్రీవీల్ (చైను పడే వెనక పళ్ళ చక్రం) వైపువే, అందుకని వెనక చక్రం మొత్తం లావు పుల్లలు వేయించుకో, వేయించాక కొన్నాళ్ళు లోడు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగించాలి, ఈ రెండో బిగింపుకి ఎవడూ రాడు, తర్వాత చక్రం ఎనిమిదంకె అయ్యాక వస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, బరువు ఎక్కడ పెట్టాలన్నది. నువ్వు పంపిన కోపెన్‌హాగన్ వీడియో చూశాన్రా, ముందు పెట్టెలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని పోతున్నారు, క్రిస్టియానియా అని మూడు చక్రాల బళ్ళు 1984 నించీ చేస్తున్నారు వాళ్ళు, రెండు చక్రాల లాంగ్ జాన్ అయితే ఇంకా పాతది. ఆ లాంగ్ జాన్‌లో చూడాల్సింది పెట్టె కాదు, పెట్టె ఎంత కిందకి ఉందో చూడు, ముందు చక్రానికీ హ్యాండిల్‌కీ మధ్య దాదాపు నేలని రాసుకుంటా పోద్ది. మన పాలవాళ్ళు క్యాన్లు క్యారేజీ మీద పెట్టకుండా రెండు పక్కలా ఇరుసు దగ్గరకి వేలాడదీసేదీ ఇందుకే. బరువు కిందకి ఉంటే సైకిల్ నీ మాట వింటది, సీటు కన్నా పైకి పోయిందా నువ్వు దాని మాట వినాలి.

కాబట్టి క్యారేజీ మామూలుది పీకేసి యాంగ్లర్ ముక్కలతో చేయించు, కాళ్ళు నాలుగూ ఇరుసు బోల్టుకే రావాలి, మడ్‌గార్డు రాడ్లకి కాదు. రెండు పక్కలా నీళ్ళ క్యాను కూర్చునేట్టు ఇనప రింగులు పెట్టించు, అయితే పెడల్ తొక్కేటప్పుడు మడమ తగలకుండా కాస్త వెనక్కి జరపాలి, మరీ వెనక్కి జరిపితే ముందు చక్రం తేలిపోద్ది, నువ్వే ఎక్కి తొక్కి చూసి వెల్డింగ్ వాడికి సుద్దతో గీత గీసివ్వు. 20 లీటర్ల క్యానంటే 20 కేజీల పైనే, ఒక ఇంట్లో ఒకటి దింపేశాక రెండోది ఆ పక్కనే వదిలేసి బయల్దేరకు, తీసి మధ్యలో క్యారేజీ మీద పడుకోబెట్టి కట్టుకో. సగం నిండిన క్యాను నిండుదాని కన్నా చెడ్డది, లోపల నీళ్ళు ఊగి సైకిల్‌ని ఊపేస్తాయి. బియ్యం బస్తా చెప్పక్కర్లేదు, 2022 జులైలో 25 కేజీల వరకూ ప్యాకింగ్ మీద 5 శాతం జీఎస్టీ పెట్టినకాడి నించి 26 కేజీల బస్తాలేగా, రెండిటికి మించి వేయకు, సీటుకి ఆనించి పొడుగ్గా పడుకోబెట్టు. గ్యాస్ బండ తెమ్మని ఎవరన్నా అడిగితే మొహమాటపడకుండా వద్దను, రెండు చక్రాల బండి మీద సిలిండర్ రూల్స్ ప్రకారమే కుదరదు.

కట్టడానికి నైలాన్ తాడు వద్దు, కుదుపులకి వదులైపోద్ది. పాత ట్యూబు పొడుగ్గా కోయించుకో, సాగదీసి కడితే సరుకు సర్దుకున్నా అది పట్టు వదలదు. చివర్లు మాత్రం దోపెయ్, వేలాడితే చైనులోకి పోద్ది. ఇంకో ముక్క ముందు ఫోర్కుకీ కింద పైపుకీ కలిపి కట్టు, స్టాండు వేసినప్పుడు హ్యాండిల్ గిర్రున తిరిగి పడిపోకుండా ఉంటది. స్టాండు కింద మట్టయితే చిన్న చెక్క ముక్క వెయ్.

బ్రేకులు రాడ్డువి. ఎండలో బానే పడతాయి, వానలో క్రోమ్ రిమ్ము తడిస్తే దేవుడి మీద భారమే, అందుకని ఆగాల్సిన చోటుకి ముందే మెల్లగా పట్టి రిమ్ము తుడిచినట్టు చేసి అప్పుడు గట్టిగా పట్టు. చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటా పోయే రోడ్డు మీద వాన లేకపోయినా వానే అనుకో. గాలి గట్టిగా ఉండాలి, లోడుతో మెత్తగా ఉంటే గుంటలో ట్యూబు రిమ్ముకి నలిగి పక్కపక్కనే రెండు బొక్కలు పడతాయి. గాలి కొట్టే వాల్‌కి తొడిగే సన్న రబ్బరు, వాల్ ట్యూబు ముక్కలు రెండు మూడు జేబులో పడెయ్, రూపాయి వస్తువు లేక లోడుతో నడిచేవాళ్ళని రోజూ చూస్తా.

వంతెన ఎక్కేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తే 18 పళ్ళ ఫ్రీవీల్ తీసి 22 పళ్ళది వేయించు, చైనులో ఒక లింకు కలపాల్సి రావచ్చు. స్పీడ్ తగ్గుద్ది, తగ్గనీ. దిగి తోయడం కూడా నామోషీ ఏం కాదు, 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి వియత్నాం వాళ్ళు హ్యాండిల్‌కి వెదురు కర్ర కట్టి ఒక్కో సైకిల్ మీద 200 కేజీలు పైబడి తోసుకుంటా కొండలెక్కారు, ఎవడూ ఎక్కి తొక్కలేదు.

కరెంటు మోటర్ కిట్టు సంగతి అడిగావు. 250 వాట్లు, గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ గోల లేదు, కానీ కిట్లు ఎక్కువగా 26 సైజు చక్రానికి వస్తాయి, నీది 28, వెనక ఫోర్కు సందు కూడా చాలదు. ఆ బ్రేకులతో మోటర్ పెడితే నేనైతే ఒప్పుకోను. ఒక ఏడాది తొక్కు, బేరం కుదురుకుంటే మూడు చక్రాల రిక్షా గురించి మాట్లాడదాం, మలుపులో అది వేరే రకంగా తిరగబడుద్ది, దాని పద్ధతి వేరు.

రేటు మాత్రం ముందే చెప్పు జనానికి. గుమ్మం దాకా ఒకటి, రెండో అంతస్తుకి మొయ్యాలంటే ఇంకోటి. మేడ మీదకి పోయినప్పుడు తాళం వెనక చక్రానికి వేసుకో, మిగతా సరుకు చూడమని కింద వాచ్‌మెన్‌కి చెప్పి ఎక్కు.

ఆదివారం షాపు మధ్యాహ్నం దాకే, ఆ లోపు సైకిల్ తీసుకుని పాలకొల్లు వచ్చెయ్, పుల్లలు నేనే వేస్తా.

మీ మామయ్య