మిగిలిన హమ్మస్, తహీనా సాసుతో లెబనాన్ ఇళ్లలో ఏం వండుతారంటే

ఫలాఫెల్ (శనగలు రుబ్బి వేయించిన వడలు) పార్సిల్ తెచ్చుకున్న ప్రతిసారీ హమ్మస్ (రుబ్బిన శనగల ముద్ద), తహీనా (నువ్వుల ముద్ద) సాసు, తూమ్ (వెల్లుల్లి సాసు) సగం సగం మిగిలిపోతున్నాయి, ముంచుకుని తినడం కాకుండా వాటితో ఇంకేం చేయొచ్చు అని మీరు అడిగారు. నేను కువైట్‌లో ఒక లెబనాన్ కుటుంబం దగ్గర ఏడేళ్లు వంట చేశాను. ఆ ఇంట్లో ఇవి పక్కన వడ్డించే చట్నీలు మాత్రమే కావు. ఉడికించి రుబ్బిన శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి అన్నీ కలిసి ఉన్నాయంటే సగం వంట అయిపోయినట్టే లెక్క.

అన్నిటికంటే ముందు ఫత్తే చేసి చూడండి. ఎండిపోయిన ఖుబ్బూస్ (అరబ్బు రొట్టెలు) రెండు తీసుకుని ముక్కలు చేసి, పెనం మీద కరకరలాడేలా కాల్చండి. నానబెట్టిన కాబూలీ శనగలు రెండు గుప్పెళ్లు మెత్తగా ఉడికించి, ఆ నీళ్లు పారబోయకుండా ఉంచుకోండి. వాళ్లు అసలు పెరుగులో తహీనా కలిపి చేస్తారు. హమ్మస్ మిగిలిన రోజు నేను కప్పు హమ్మస్‌కి కప్పు గట్టి పెరుగు, కొంచెం శనగల నీళ్లు వేసి గరిటెజారుగా కలిపేదాన్ని. వెడల్పాటి గిన్నెలో రొట్టె ముక్కలు, వాటి మీద వేడి శనగలు, కాసిని శనగల నీళ్లు, ఆ పైన ఈ పెరుగు. చివర్లో నెయ్యి కాచి, అందులో పైన్ గింజలు ఎర్రగా వేయించి చుయ్‌మనేలా పోయాలి. జీడిపప్పుతోనూ బాగుంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు మా అమ్మ పప్పుకి తాలింపు పెట్టడం గుర్తొచ్చి కళ్లు చెమర్చేవి. రొట్టె పూర్తిగా మెత్తబడకముందే తినేయాలి. అందుకే ఆ ఇంటి పెద్దావిడ (అందరూ ఆవిడను తేతా అనేవాళ్లు, అంటే నానమ్మ) అందరూ వచ్చి కూర్చున్నాకే నెయ్యి పొయ్యి మీద పెట్టనిచ్చేది.

ఇక ఫలాఫెల్ మీద పోసే తెల్లటి పల్చటి సాసు. తహీనా, నిమ్మరసం, వెల్లుల్లి, నీళ్లు కలిపిన దాన్ని వాళ్లు తరాతోర్ అంటారు. ఇది చేపకు ఎంత బాగా కలుస్తుందో తిని చూస్తేగానీ నమ్మలేం. మూడు ఉల్లిపాయలు సన్నగా చీల్చి, తొందరపడకుండా బంగారు రంగు వచ్చేదాకా వేయించండి. మంట బాగా తగ్గించి సాసు పోసి, ఆపకుండా కలుపుతూ ఉండండి. అంచుల్లో నూనె చుక్కలుగా తేలడం మొదలవగానే దించేసి, వేయించిన చేప ముక్కల మీద పోయండి. మొదటిసారి నేను మన పులుసు మరిగించినట్టు పెద్ద మంట మీద మరిగించాను. విరిగిపోయి, అడుగంటి, చేదెక్కింది. తేతా ఒక్క మాట కూడా అనకుండా పక్కన నిలబడి మళ్లీ నాచేతే చేయించింది. ఆ ఓర్పు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఊరికి తిరిగొచ్చాక కొరమేనుతో చేశాను, మా పిల్లలు అన్నంలో కలుపుకుని తిన్నారు.

సాసు ఫ్రిజ్‌లో గడ్డకట్టిందని టెన్షన్ పడొద్దు. గోరువెచ్చని నీళ్లు చెంచా చెంచాగా పోస్తూ కలపండి. మొదట్లో ఇంకా ముద్దకట్టినట్టు అనిపించినా, ఒక దశలో తెల్లబడి జారుగా అవుతుంది. కాలీఫ్లవర్ ముక్కలు ఎర్రగా వేయించి దీంతో తినడం అక్కడ మామూలే. కీమా ఉండలు, బంగాళదుంప చక్రాలు పళ్లెంలో పేర్చి, సగం వేగాక ఈ సాసు పోసి మళ్లీ ఓవెన్‌లో పెడితే తహీనా కోఫ్తా తయారవుతుంది.

తూమ్‌ను మాత్రం నేరుగా పొయ్యి మీద పెట్టకండి. వెల్లుల్లి, నూనె గిలకొట్టి చేసింది కాబట్టి వేడికి విడిపోతుంది. వేయించిన బంగాళదుంపలకు దించాక పట్టించండి. లేదంటే రెండు చెంచాల తూమ్‌ను పెరుగు, నిమ్మరసంతో కలిపి చికెన్ ముక్కలకు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి కాల్చండి. అప్పుడు విడిపోయినా నష్టం లేదు.

కువైట్‌లో కొన్ని ఫలాఫెల్ అంగళ్లలో అంబా అనే పసుపుపచ్చటి పచ్చడి కూడా వేస్తారు. ఇరాక్ వాళ్లకు ఇది ప్రాణం. మెంతుల వాసన రాగానే ఇది మన మామిడికాయే అని గుర్తుపట్టాను. పేరు కూడా మామిడిదే. దాన్ని ఉడికించిన గుడ్డు, వేయించిన వంకాయ ముక్కలతో రొట్టెలో చుట్టుకుంటే ఉదయం ఇంకేమీ అక్కర్లేదు.

ఎన్ని రోజులు దాచొచ్చంటే, హమ్మస్, తరాతోర్ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచకండి. తినేటప్పుడు కొంచెం వేరే గిన్నెలోకి తీసుకుని, మిగతాది వెంటనే లోపల పెట్టేయండి. రెండు గంటలకు పైగా బల్ల మీద ఉన్నదాన్ని మళ్లీ దాచొద్దు. తూమ్ అయితే ఎంత నూనె ఉన్నా బయట ఉంచొద్దు. నూనెలో ఉన్న పచ్చి వెల్లుల్లి గది వేడిలో ప్రమాదకరంగా మారుతుంది, పైకి చూస్తే తేడా కూడా తెలియదు.