ఉగాది దాకా ఆగితే అప్పు పోతుంది

ప్రశ్న: మాది తిరుపతి. 2021 నవంబరు వరదల్లో మా వీధి మునిగింది. కరెంటు లేక, తాగునీళ్లు లేక చాలా అవస్థ పడ్డాం. అప్పట్నుంచి మా ఆయన ఇంటిని ఆపదకు సిద్ధం చేసుకుంటూ వచ్చారు. రెండు నెలలకు సరిపడా బియ్యం, పప్పులు, ఇన్వర్టరు, మందుల డబ్బా, కాగితాలన్నీ తడవకుండా ప్లాస్టిక్ కవర్లలో. కష్టకాలానికని దాచిన ఆరు లక్షలు 2023 మార్చి 9న వాళ్ల పిన్ని కొడుక్కి నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద ఇచ్చారు. నాలుగు లక్షలు బ్యాంకు ద్వారా, రెండు లక్షలు నగదు. 2024 దీపావళి దాకా నెలనెలా పన్నెండు వేలు చేతికి తెచ్చిచ్చేవాడు. తర్వాత ఆపేశాడు. 2025 ఏప్రిల్‌లో మా ఆయన గుండెపోటుతో పోయారు. పాప ఇంటర్, బాబు ఎనిమిది. అత్తగారు మాతోనే ఉంటారు. ఆ మరిదిని అడిగితే తోతాపురికి ధర లేదంటాడు. "సంవత్సరీకం కూడా కాకముందే డబ్బు మాటలేంది వదినా, ఉగాదికి ఎట్లన్నా సర్దుతా" అంటాడు. దామలచెరువు దగ్గర తోట బేరానికి పెట్టాడని విన్నాను. సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాను. మనిషి పోయాడు గనక గడువు ఆగుతుంది కదా? 2024 అక్టోబరులో వడ్డీ ఇచ్చినట్టు నోటు వెనక రాసి, మరిది సంతకం మనమే వేసేస్తే సరిపోతుందని మా తమ్ముడు అంటున్నాడు. నిజంగా ఇచ్చిందే గనక తప్పు లేదంటాడు. సొంత మనిషే ఇలా చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. మూడున్నర పేజీల్లో మీ మరిది అన్న మాటలు, అనకుండా మింగిన మాటలు రాశారు. ప్రోనోటు తేదీ మాత్రం చివరి పేజీలో ఒకే ఒక్క వాక్యంలో ఉంది. మీ కేసును తేల్చేది ఆ వాక్యమే. అందుకని మిగతాదంతా పక్కన పెట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

అడిగిన వెంటనే చెల్లిస్తానని రాసిన ప్రోనోటు మీద దావా వేయడానికి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. మీరు ఎప్పుడు అడిగారు, ఆయన ఎప్పుడు ఎగ్గొట్టాడు అన్న దానితో నిమిత్తం లేదు. 2023 మార్చి 9 నాటి నోటుకు గడువు 2026 మార్చి 9, సోమవారంతో ముగుస్తుంది. ఈ ఏడాది ఉగాది మార్చి 19. మీ మరిది అడుగుతున్న వాయిదా, గడువు దాటిన పదో రోజున పడుతోంది. ఆయన ఈ లెక్క తెలిసి అడిగాడా, తెలియక అడిగాడా అన్నది నాకు అనవసరం, మీకూ అనవసరం. ఫిబ్రవరి మొదటి వారంలో ఈ జవాబు రాస్తున్నాను. మీ చేతిలో ఐదు వారాలు కూడా లేవు.

మనిషి పోతే గడువు ఆగుతుందా అని అడిగారు. ఆగదు. గడువు ఒకసారి నడవడం మొదలయ్యాక, తర్వాత వచ్చిన ఏ అశక్తతా దాన్ని ఆపలేదని అదే చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. మీ ఆయన నోటు రాయించుకున్న రోజునుంచే అది నడుస్తోంది. పిల్లలు మైనర్లన్న కారణమూ ఇక్కడ పనికిరాదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే 5వ సెక్షన్ అప్పీళ్లకు, కొన్ని దరఖాస్తులకు ఉంది గానీ దావాలకు లేదు. పైగా అవతలివాళ్లు నోరెత్తకపోయినా సరే, కాలదోషం పట్టిన దావాను జడ్జిగారు తనంతట తానే కొట్టేయాలని 3వ సెక్షన్ శాసిస్తుంది. మార్చి 10న మీరు ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి నిలబడినా ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. ఇలా గడువు దాటాక కవరు పట్టుకుని వచ్చిన ఆడవాళ్లను నా ఆఫీసులో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపించాను. అంతకంటే ఏమీ చేయలేకపోయాను.

గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీ గడువును ఒక్క రోజు కూడా పెంచదు. లాయరు నోటీసూ పెంచదు. పోలీసు స్టేషన్లో పంచాయితీ పెంచదు, ఫోన్లో ఇచ్చిన మాట పెంచదు. నోటీసు ఇచ్చి పదిహేను రోజులు చూద్దామని ఎవరైనా అంటే ఆ పదిహేను రోజులూ మీవే పోతాయి. స్టేషన్‌కు వెళ్తే, ఏడాదిన్నర వడ్డీ కట్టినవాడిది మొదట్నుంచే మోసపు బుద్ధి అని ఎలా అంటారు, ఇది సివిల్ తగాదా అని పంపిస్తారు. ఆ మాటలో తప్పు లేదు.

గడువును పెంచేవి రెండే. ఒకటి, గడువు లోపల అప్పు ఉన్నట్టు ఒప్పుకుంటూ బాకీదారు రాసిచ్చి సంతకం చేసిన కాగితం. రెండోది, గడువు లోపల అసలు కిందో వడ్డీ కిందో కొంత చెల్లించి, ఆ చెల్లించిన సంగతి తన చేతిరాతతో గానీ తన సంతకంతో గానీ ఉండటం. మన ఊళ్లలో నోటు వెనక చెల్లు వేయించుకోవడం అంటారే, అది ఇదే. మీ మామగార్ల కాలంలో చదువు లేని రైతు కూడా చెల్లు వేయించకుండా వడ్డీ పుచ్చుకునేవాడు కాదు. మీ ఇంట్లో దీపావళి దాకా నెలనెలా పన్నెండు వేలు వచ్చాయి, నోటు వెనక ఒక్క గీత లేదు. 2024 అక్టోబరులో ఒక్క చెల్లు వేయించి ఉంటే ఈ రోజు మీకు 2027 అక్టోబరు దాకా తీరిక ఉండేది. పోయిన మనిషిని తప్పు పట్టడం నాకు కష్టంగానే ఉంది. కానీ ఆయన పోయి పది నెలలైంది, కవరు మీ బీరువాలోనే ఉంది. నెలనెలా బియ్యానికి పురుగు పట్టిందేమో చూసుకున్నారు, ఈ కాగితం వెనక్కి తిప్పి చూడలేదు. ఈ మాట అనకుండా ఉండలేను.

మీ ఆయన డైరీలో వడ్డీ లెక్కలు ఉన్నాయని రాశారు. దాచండి. చనిపోయిన మనిషి తన చేత్తో డబ్బు ముట్టిందని రాసుకున్న లెక్క సాక్ష్యంగా పనికొస్తుంది. గడువు పెంచడానికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే అది బాకీదారు రాత కాదు. వాట్సాప్‌లో "అన్న డబ్బులు నాకు గుర్తుంది వదినా" అన్న సందేశం కూడా అంతే. ఆ ఫోను మార్చవద్దు, అమ్మవద్దు, సందేశాలు చెరపవద్దు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేసి కోర్టులో పెడదాం. కానీ సంతకం లేని ఆ సందేశాన్ని నమ్ముకుని మార్చి 9 దాటించే సాహసం చేయవద్దు.

ఇక మీ తమ్ముడి సలహా. వినగానే మనసు లాగే సలహా అది, ఎందుకంటే వడ్డీ నిజంగానే ఇచ్చాడు. అమ్మా, వడ్డీ నిజమైనంత మాత్రాన సంతకం నిజం కాదు. విలువైన పత్రం మీద దొంగ సంతకానికి భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద పదేళ్ల దాకా, యావజ్జీవం దాకా శిక్ష ఉంది. దాన్ని తెలిసీ కోర్టులో దాఖలు చేసిన మీరూ అందులో పడతారు. సంతకాన్ని నిపుణుడికి పంపమని అవతలి లాయరు మొదటి వాయిదాకే అడుగుతాడు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి: అసలు నోటు, అసలు సంతకం ఉన్న మీ మంచి కేసు ఆ ఒక్క గీతతో అబద్ధపు కేసు అయిపోతుంది. నోటు మీద తేదీ దిద్దినా అంతే, ముఖ్యమైన మార్పు జరిగిన నోటు చెల్లదు. పిల్లలకు మిగిలింది మీరొక్కరే. ఆ నోటు మీద పెన్ను పెట్టవద్దు. మీ తమ్ముడి చేతికి కూడా ఇవ్వవద్దు.

బీరువాలో మరిది సంతకం చేసిన ఖాళీ చెక్కు కూడా ఉందన్నారు. ఏమీ రాయకుండా అలాగే ఉంచి వకీలుకు చూపించండి. చెక్కు కేసు వేసినా అది వేరే దారి. సివిల్ దావా గడువును అది కాపాడదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఈ ఆదివారమే మీ మరిది మాట వినే ఇద్దరు పెద్దల్ని తీసుకుని వెళ్లండి. గొడవ వద్దు, ధర్మం గురించి వాదన వద్దు. "ఉగాదికే ఇవ్వు నాయనా, ఈ రోజుకు ఐదు వేలిచ్చి నోటు వెనక చెల్లు వేసి సంతకం పెట్టు" అనండి. నిజంగా ఇచ్చే మనిషికి ఇందులో బాధ లేదు. పెడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. కొత్త నోటు రాసిస్తా, పాతది ఇచ్చేయమంటే, కొత్తదాని మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకమై మీ చేతికొచ్చాకే పాతది ఇవ్వాలి. నిజానికి వకీలు చదవకుండా అదీ వద్దు. అసలు నోటు వెంట తీసుకెళ్లినప్పుడు మీ చేతిలోంచి జారనివ్వవద్దు, ముందే జిరాక్సు తీసి ఉంచుకోండి.

ఫిబ్రవరి 15 లోపల సంతకం పడకపోతే ఇక అడగవద్దు, దావా వేయండి. నోటు తిరుపతిలో రాశారు గనక తిరుపతి కోర్టులోనే వేయవచ్చు. చివరి రోజు సోమవారం, దాని ముందు శని, ఆదివారాలు. కాగితాల్లో లోపం ఉందని ఆఫీసు తిప్పి ఇస్తే సరిదిద్దుకోవడానికి రోజులు కావాలి. కనుక మీ లెక్కలో చివరి తేదీ మార్చి 9 అనుకోవద్దు, ఫిబ్రవరి 27 శుక్రవారం అనుకోండి.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. పోయిన మనిషికి రావాల్సిన బాకీకి వారసత్వ ధ్రువపత్రం కావాలని ఎవరో చెబుతారు. దాని కోసం పిటిషను వేసి, నోటీసులు, పేపరు ప్రకటన అని తిరుగుతుంటే ఈలోగా గడువు దాటిపోతుంది. భారతీయ వారసత్వ చట్టం 214వ సెక్షన్ డిక్రీ ఇచ్చే ముందు ఆ పత్రం చూపమంటుంది. దావా వేయడానికి అది అడ్డు కాదు. దావా ముందు, పత్రం వెనక. పిటిషను కూడా అదే వారంలో వేయండి. తహసీల్దారు ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దీనికి బదులు కాదు గానీ, పిటిషనుకు జతచేయడానికి కావాలి.

వీలునామా లేదు గనక ఆ అప్పు మీద హక్కు మీకు, పాపకు, బాబుకు, మీ అత్తగారికి సమానంగా నాలుగో వంతు చొప్పున వస్తుంది. పిల్లల తరఫున తల్లిగా మీరే సంతకం చేస్తారు. అత్తగారు ఎటువైపో మీరు రాయలేదు గానీ నాకు అర్థమైంది. బాకీదారు ఆమె చెల్లెలి కొడుకు. ఆమె సంతకానికి ఒప్పుకోకపోతే దావా ఆగనక్కర్లేదు, ఆమెను ప్రతివాదుల వరసలో చేర్చి వేయవచ్చు. ఆమె మీద కోపంతో కాదు, వారసులందరూ కోర్టు ముందు ఉండాలి గనక. ఆ మాట ఆమెకు ముందే మెల్లగా చెప్పండి. సమన్లు ఇంటికొచ్చినప్పుడు పెద్దావిడ బెదిరిపోకూడదు.

సాక్ష్యం విషయంలో మీ కేసు గట్టిదే. నోటు మీద రెవెన్యూ స్టాంపు ఉందా, సంతకం దాని మీదుగా ఉందా ఈ రోజే చూడండి. స్టాంపు లేని ప్రోనోటును జరిమానా కట్టినా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. అప్పుడు ఇచ్చిన అప్పు మీదే దావా నడపాలి, దానికీ గడువు మూడేళ్లే. సంతకం రుజువైతే డబ్బు ముట్టినట్టే చట్టం భావిస్తుంది, కాదని చూపే భారం మీ మరిదిది. నాలుగు లక్షలు పంపిన రోజు బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి. నోటు రాసిన లేఖరి, సాక్షులు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోండి. దావాలో దీపావళి దాకా వచ్చిన వడ్డీ వచ్చిందనే రాయించండి. అసలు ఆరు లక్షలు, ఆగిన పదహారు నెలల వడ్డీ లక్షా తొంభై రెండు వేలు అడిగితే చాలు. మొత్తం వడ్డీ అడిగి, పాత వడ్డీ ముట్టలేదని బోనులో అబద్ధం చెప్పే పరిస్థితి తెచ్చుకోవద్దు.

తోట సంగతి తేలికగా తీసుకోవద్దు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఆ సర్వే నంబరుకు ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలున్న పత్రం, తీయించండి. బాకీ ఎగ్గొట్టడానికే అమ్ముతున్నాడని చూపగలిగితే, దావాతోపాటే తీర్పుకు ముందు జప్తు కోరుతూ దరఖాస్తు వేయవచ్చు. ఎవరో చెప్పగా విన్నానంటే చాలదు. బేరమాడిన మనిషి ప్రమాణపత్రం ఇస్తే బలం.

కోర్టు ఫీజుకు డబ్బు లేదని రాశారు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చింది. అందులో వకీలే కాదు, కోర్టు ఫీజు కూడా కలుస్తుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో న్యాయ సేవల కమిటీని అడగండి. రేపే వెళ్లండి.

దావా పడ్డాక, ఊపిరి తీసుకున్నాక, మీ ఆయన మొదలుపెట్టిన పనిలో మిగిలినదాన్ని పూర్తి చేయండి. బ్యాంకు ఖాతాలకు, డిపాజిట్లకు నామినీలు ఎవరో చూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. నామినీ డబ్బు పుచ్చుకునే మనిషే తప్ప అంతమాత్రాన వారసుడు కాడని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే లెక్క వేరు. అందుకే మీ పేరున ఒక వీలునామా రాసి ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయండి. మీకు ఏదైనా అయితే పిల్లల బాగోగులు ఎవరు చూడాలో కూడా అందులో రాయండి. డైరీలో మొదటి పేజీ ఖాళీగా వదిలి, ఇంటికి రావాల్సిన ప్రతి బాకీకీ నోటు తేదీ, దాని పక్కనే గడువు తేదీ రాయండి. పాపకు చదవడం వచ్చు, ఆ పేజీ ఎక్కడుందో ఆ పిల్లకు చూపించండి.

రేపు వకీలు దగ్గరకు వెళ్లేటప్పుడు అసలు నోటు, మరణ ధ్రువపత్రం, ఆధార్‌లు, బ్యాంకు పాసుపుస్తకం, ఆ డైరీ, ఆ ఖాళీ చెక్కు తీసుకెళ్లండి. పనిలో పని, మీ తమ్ముడినీ వెంట తీసుకెళ్లండి. ఆ చెల్లు ఎందుకు రాయకూడదో వకీలు నోటే వింటాడు.