పెంపు కుదిరింది, డబ్బు చేతికి రాలేదు

ప్రశ్న: యాజమాన్యంతో మా సంఘం వేతన ఒప్పందంపై సంతకాలు చేసి చాలా నెలలైంది. పెరిగిన జీతం గానీ, బకాయిలు గానీ ఇంతవరకు పడలేదు. షిఫ్టు మారే వేళ సభ్యులు నిలదీస్తున్నారు. ఖాయమైన కబురు వచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పవద్దని మా నాయకులు అంటున్నారు. కార్యవర్గ సభ్యుడిగా నేనేం చేయాలి?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: మీ నాయకుల పద్ధతి సరైనది కాదు. కబురేమీ రాలేదన్న సంగతి కూడా సభ్యులకు తెలియవలసినదే. సంఘం నోరు మెదపకపోతే క్యాంటీన్‌లో వదంతులు పుడతాయి. నాయకులు అమ్ముడుపోయారన్నది వాటిలో మొదటిది.

సింగరేణి కార్మికులకూ వర్తించిన బొగ్గు గనుల పదకొండవ వేజ్ బోర్డునే, అంటే అక్కడి వేతన ఒప్పందాన్నే చూడండి. 2021 జూలై 1 నుంచి అమలు కావలసిన ఆ పెంపులో కనీస ప్రయోజనం 19 శాతమని 2023 జనవరి 3న అవగాహన కుదిరింది. పూర్తి ఒప్పందంపై మే 20న సంతకాలు జరిగే నాటికి 23 నెలల బకాయి పేరుకుంది. జూన్ 22న బొగ్గు మంత్రిత్వ శాఖ ఆమోదం లభించింది. అయితే కార్మికుల జీతాలు అధికారుల జీతాలను మించిపోతున్నాయన్న వివాదంలో మధ్యప్రదేశ్ హైకోర్టు ఆగస్టు చివర ఆ ఆమోదాన్నే కొట్టివేసింది. అప్పీలులో డివిజన్ బెంచి స్టే ఇచ్చాక గానీ ఊరట కలగలేదు. సంతకాలతో పని పూర్తయిందని మే నెలలో విన్న కార్మికుడు ఆగస్టులో ఎవరిని నమ్మాలి? అవగాహన, ఒప్పందం, ఆమోదం, చెల్లింపు వేర్వేరు మెట్లని ముందే తెలిసినవాడికి మాత్రం డబ్బు ఎక్కడ ఆగిందో అర్థమవుతుంది.

కనుక వారానికొకసారి, నిర్ణయించిన రోజున, గేటు దగ్గరి బోర్డు మీద సంఘం నోటీసు పెట్టండి. కాగితం ఎవరి దగ్గర ఉంది, మీరు ఏ తేదీన అడిగారు, ఏం జవాబు వచ్చింది, మళ్ళీ ఎప్పుడు కలుస్తున్నారు అన్నవి అందులో ఉండాలి. బేరసారాలు సాగుతున్నప్పుడు కొంత గోప్యత అవసరమే గానీ, సంతకాలైన ఒప్పందంలో దాచవలసినదేమీ లేదు. దాని ప్రతిని అందరికీ ఇవ్వండి. యాజమాన్యం రాతపూర్వకంగా చెప్పనిదే చెల్లింపు తేదీ మాత్రం ప్రకటించవద్దు. ‘దసరాకి పడిపోతుంది’ అన్న ఒక్క మాట దసరా దాటిన మర్నాటి నుంచి మీ మెడకే చుట్టుకుంటుంది.

మరొకటి. ఒప్పందం ప్రకారం రావలసిన సొమ్మును ప్రభుత్వం ద్వారా వసూలు చేయించుకోవడానికి, సొమ్ము చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి. తగిన కారణం చూపితేనే ఆలస్యాన్ని మన్నిస్తారు. పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2025 నవంబరులో అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది. మీ నాయకులు మౌనంగా గడిపిన నెలలు కూడా ఆ ఏడాది లెక్కలోకే వస్తాయి కాబట్టి, ఆ గడువు తేదీని మొదటి నోటీసులోనే రాయండి.