డల్లాస్ మాట, బర్మింగ్‌హామ్ మాట: నిజమెంత?

ప్రశ్న: మా కొడుకు కుటుంబం డల్లాస్‌లో, బిడ్డ కుటుంబం బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డాయి. సంక్రాంతికి అందరూ ఇంటికి వచ్చినప్పుడు, సకినాలు చుడుతున్నంతసేపూ కోడలికీ బిడ్డకూ ఒకటే వాదన. అమెరికావాళ్లకు గొప్పలెక్కువ, నవ్వు పైపైనే అని బిడ్డ అంటుంది. ఇంగ్లండువాళ్లు ముభావులు, తిండి చప్పిడి, పళ్లు అధ్వాన్నం అని కోడలు అంటుంది. వీటిలో నిజమెంత?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, పరాయిదేశంలో స్థిరపడినవారు అక్కడి యాసతోపాటు, అక్కడివారు ఇతరుల మీద పెంచుకున్న అభిప్రాయాలను కూడా తెలియకుండానే అలవరచుకుంటారు. మీ పిల్లలు చెబుతున్న మాటలు వాళ్లు పుట్టకముందే పుట్టినవి. పుట్టినప్పుడు వాటికి కారణాలున్నాయి. ఆ కారణాలు పోయాక కూడా అవే మాటలు అనుకోవడం పాత తూకపు రాళ్లతో కొత్త సరుకు తూచినట్టే.

చప్పిడి తిండి సంగతే చూడండి. రెండో ప్రపంచ యుద్ధం వల్ల బ్రిటన్‌లో 1940 జనవరిలో మొదలైన ఆహార రేషన్ 1954 జూలై దాకా సాగింది. యుద్ధకాలంలో మనిషికి వారానికి దక్కిన వెన్న సాధారణంగా 57 గ్రాములు. గుడ్డు ఒక్కటే, అదీ దొరికితేనే. 1942 నుంచి అక్కడ దిగిన అమెరికన్ సైనికుల సంఖ్య 1944 నాటికి సుమారు 15 లక్షలకు చేరింది. ఆ యువకుల్లో చాలామంది మొదటిసారి రుచి చూసిన ఇంగ్లండు భోజనం అదే కనుక, ఇంటికి వెళ్లి చెప్పుకున్నదీ దాని గురించే. ఇక మీ బిడ్డ ఉంటున్న బర్మింగ్‌హామ్, పాకిస్తానీ, కశ్మీరీ కుటుంబాలు 1970లలో వాడుకలోకి తెచ్చిన బాల్టీ కూరకు ఈనాడు పేరుపొందిన నగరం.

గొప్పలు, ముభావం అన్న రెండు ముద్రలూ అంతకుముందే ఉన్నా, గట్టిపడింది ఆ రోజుల్లోనే. అమెరికన్ సిపాయి జీతం బ్రిటిష్ సిపాయి జీతం కంటే చాలా ఎక్కువ కావడంతో అసూయలు మొదలయ్యాయి. 1942లో అమెరికా యుద్ధ శాఖ తన సైనికులకు ఇచ్చిన చిన్న పుస్తకం, గొప్పలకు పోవద్దనీ, జీతాల తేడా అక్కడి సైనికులను నొప్పిస్తుందనీ హెచ్చరించింది. ఇంగ్లండువారు అంతగా కలవకపోతే స్నేహభావం లేదనుకోవద్దనీ, నాలుగున్నర కోట్లమంది కిక్కిరిసి బతికే చిన్న ద్వీపంలో ప్రతి మనిషీ తన ఏకాంతాన్ని జాగ్రత్తగా కాపాడుకోవడం నేర్చుకుంటాడనీ కూడా చెప్పింది. యుద్ధం నడుస్తుండగా ఒక ప్రభుత్వం మరో దేశపు ప్రజల తీరును ఇంత ఓపికగా వివరించడం నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది.

పైపై నవ్వు అన్న మాట నాకు బాధ కలిగించింది. డల్లాస్ ఉన్న టెక్సాస్‌లో, టిప్పులు అందుకునే వెయిటర్‌కు యజమాని తన చేత్తో ఇవ్వవలసిన కనీస కూలి గంటకు 2.13 డాలర్లు మాత్రమే. ఫెడరల్ చట్టంలో ఆ అంకె 1991 నుంచి మారలేదు. టిప్పులు కలిపినా గంటకు 7.25 డాలర్లు రాకపోతేనే తక్కువైనది యజమాని భరించాలి. బ్రిటన్‌లోనైతే టిప్పులను కనీస వేతనంలో కలిపి లెక్కించడాన్ని 2009లో నిషేధించారు. బల్ల దగ్గర నిలబడి నవ్వే ఆ పిల్ల ఇంటి అద్దె మీ ఆదరణ మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ నవ్వును కపటమని ఎలా అనగలం?

పళ్ల విషయంలో కోడలి మాట పూర్తిగా తప్పు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పెద్దవారిలో సగటున లేకుండా పోయిన పళ్లు ఇంగ్లండులో 6.97, అమెరికాలో 7.31. పళ్ల ఆరోగ్యంలో ధనికులకూ పేదలకూ మధ్య అంతరం కూడా అమెరికాలోనే ఎక్కువని అదే అధ్యయనం తేల్చింది. ఆ మాట మళ్లీ వచ్చినప్పుడు ఈ అంకెలను కోడలికి నెమ్మదిగా చెప్పండి.