పెత్రమాస నుంచి దీపావళి దాకా

తమ్మీ,

గద్వాల నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివిన. నెలలో పదకొండు పుస్తకాలు, ఒక్కోదాని మీద నాలుగేసి వాక్యాలు. "శైలి హాయిగా ఉంది" అన్న మాట ఏ పుస్తకానికైనా అతుకుతది, అందుకే దాన్ని కొట్టెయ్. శీర్షికలో శరత్తు అన్నవు గానీ లోపల ఎక్కడా లేదు. అవే పుస్తకాలు ఎండకాలంలో చదివినా వ్యాసంలో అక్షరం మారదు.

ముందు నెలను తేల్చుకో. అక్టోబరు అని గీత గీస్తే కుదరదు. పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య, 2024లో అక్టోబరు 2న వస్తే, 2025లో సెప్టెంబరు 21నే వచ్చింది. ఆ పెత్రమాస నాడే, ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెట్టి దీపావళి అమావాస్యకు ఆపు. నడుమ ఒక పున్నమి దొరుకుతది.

ఆ పున్నమికి నన్నయ "శారదరాత్రులు" పద్యం ఉంచుకో. వారమంతా అదొక్కటే చదివినా నష్టం లేదు. తెలుగు భారతం అరణ్యపర్వంలో నన్నయ రచన అక్కడ ఆగిందంటరు. మూడు వందల ఏండ్ల తర్వాత అందుకున్న ఎర్రన కూడా శరత్తుతోనే మొదలుపెట్టిండు. కాకపోతే నన్నయది రాత్రి, ఎర్రనది పొద్దుపొడుపు. రెండూ పక్కపక్కన పెట్టుకో.

తాత్పర్యం జోలికి అప్పుడే పోకు. పోతే నీ వ్యాసంలోకి టీకాకారుని మాటలే దిగుతయి. గట్టిగా చదువు. ఉత్పలమాల కాబట్టి పదో అక్షరం యతి. మొదటి పాదంలో "శా"కు "స" కుదురుతది. తర్వాత కర్తనూ క్రియనూ వెతుకు. "రాత్రులు" మొదట్లోనే ఉన్నయి, "చారుతరంబులయ్యె" రెండో పాదం మొదట్లోనే వచ్చేస్తది. వాక్యం అక్కడితో అయిపోయినట్టే, అయినా పద్యం ఇంకా సాగుతది. కొత్తగా చదివేటోళ్లు ఇక్కడే తప్పిపోతరు, క్రియ చివర ఉంటదనుకొని. ఆ తర్వాతే నిఘంటువు తియ్యి. కైరవం తెల్లకలువ, రాత్రి విచ్చుకునేది.

ఇప్పుడు వరుస చూడు. ముందు చుక్కలు, తర్వాత కలువల వాసన మోసే గాలి, ఆఖరుకు వెన్నెల. ఆ వెన్నెలను కర్పూరపు పొడి అన్నడు. కర్పూరానికి తెలుపూ ఉంది, వాసనా ఉంది. కంటినీ ముక్కునూ ఒక్క మాటతో కలిపేసిండు. నీ వ్యాసానికి ఇట్లాంటిదొక్కటి చాలు, మిగతా పది పుస్తకాలు లేకున్నా.

పద్యం మూసి బయటికి చూడు. కావ్యాల్లో శరత్తు అంటే మబ్బులు విడిపోవాలె. మనకాడ ఆశ్వయుజంలో అల్పపీడనం పడితే ఏరబోయే పత్తి నల్లబడతది. 2009 అక్టోబరు మొదట్లో, సరిగ్గా పున్నమి దగ్గరపడ్డ రోజుల్లోనే, తుంగభద్ర పొంగి అలంపురం దిక్కు ఊర్లు మునిగినయి. నన్నయది అబద్ధమని రాయకు, అది కవిసమయం, కవులు వాడుకగా ఒప్పుకున్న వర్ణన. రెండింటి నడుమ ఉన్న ఎడాన్ని రాయి.

వచనానికి మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" తీసుకో. పాత కావ్యాల నుంచి తిండి, బట్టలు, ఆటలు ఎట్లా ఏరుకున్నడో గమనించు. ఒక్క ప్రకరణం చాలు.

బతుకమ్మ పాటలు అచ్చుపుస్తకంలో కంటే మీ పెద్దమ్మ నోట వినుడు మేలు. "ఉయ్యాలో" తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి రాసుకో. ఆ మాట పడ్డప్పుడల్లా పాడేటామెకు తర్వాతి చరణం గుర్తుచేసుకునే సందు దొరుకుతది. తీసేస్తే పాట ఉరుకుతది. ఆమె అన్న మాటను పుస్తకభాషలోకి దిద్దకు. ఏ ఊరి పాటనో కింద రాయి.

నోటుబుక్కులో ఎడమ పేజీకి పుస్తకం మాట, పేజీ అంకెతో సహా. కుడి పేజీకి నీ మాట. అదే పొద్దున కాకపోతే అదే రాత్రి రాయాలె. వారం గడిస్తే రెండూ కలిసిపోయి ఏది ఎవరిదో నీకే తెల్వదు. దీపావళి అయినంక కుడి పేజీలు మాత్రమే చదివి, నిలబడ్డ నాలుగింటితో వ్యాసం మళ్లా రాసి పంపు. పదకొండు పుస్తకాల పట్టిక ఈసారి వద్దు.

మీ అన్న,
నల్లగొండ